ఔట్‌బోర్డ్ మోటారులో ప్లగ్ కరెంటు పోతే: సీడీఐని నిందించే ముందు

బంగాళాఖాతం తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు సముద్ర వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆ రెండు నెలలూ ఫైబర్ బోట్ల వెనుక బయట తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు ఒడ్డున పాకల్లోనో, ఇళ్ల వసారాల్లోనో ఉప్పుగాలి పీలుస్తూ పడి ఉంటాయి. నిషేధం ముగిశాక తాడు ఎన్నిసార్లు లాగినా మోటారు అందుకోకపోతే చాలాచోట్ల మొదట వినిపించే మాట 'ప్లగ్‌కు కరెంటు రావడం లేదు' అని, దాని వెనుకే వినిపించేది 'సీడీఐ పోయి ఉంటుంది' అని. ప్లగ్ అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్; సీడీఐ అంటే కరెంటును నిలవచేసి సరైన క్షణంలో ప్లగ్ వైపు వదిలే ఎలక్ట్రానిక్ డబ్బా. మొదటి మాట నిజమే కావచ్చు. రెండోది మాత్రం అంత త్వరగా అనదగ్గ మాట కాదు. ఇంధనాన్ని మండించే ఇగ్నిషన్ వ్యవస్థలో సీడీఐ అత్యంత ఖరీదైన భాగాల్లో ఒకటి. పైగా సాధారణ పనిముట్లతో నేరుగా పరీక్షించడానికి వీలుకాని భాగం కూడా. దానిలోకి వెళ్లేవన్నీ సవ్యంగా ఉండి, దాని నుంచి రావలసింది రానప్పుడు మాత్రమే అది పాడయిందని తేల్చగలం. కాబట్టి సీడీఐ మీద అనుమానం తనిఖీలో చివరి మెట్టు కావాలి. ఆచరణలో అదే మొదటి మెట్టు అవుతోంది. కొత్త డబ్బా బిగించాక కూడా మోటారు అందుకోకపోతే, విద్యుత్ భాగాలను దుకాణాలు సాధారణంగా వెనక్కి తీసుకోవు గనుక ఆ ఖర్చు బోటు యజమాని మీదే పడుతోంది.

ఇక్కడి చర్చ తాడు లాగి స్టార్టు చేసే టూ స్ట్రోక్ మోటార్ల గురించి. వీటి ఇగ్నిషన్‌కు బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్ లోపలి అంచుకు అయస్కాంతాలు అతికి ఉంటాయి. ఫ్లైవీల్ తిరిగినప్పుడు ఆ అయస్కాంతాలు కింద బిగించిన ఛార్జ్ కాయిల్ (రాగి తీగ చుట్ట) పక్కనుంచి వెళ్తూ అందులో కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటు సీడీఐలోని కెపాసిటర్‌లో వందల వోల్టుల స్థాయిలో నిలవ ఉంటుంది. పిస్టన్ పైకి వచ్చే సమయానికి పల్సర్ కాయిల్ చిన్న సంకేతం పంపుతుంది. దానితో సీడీఐలోని ఎలక్ట్రానిక్ స్విచ్ తెరుచుకుని నిలవ ఉన్న కరెంటంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి దూకుతుంది. అక్కడ అది వేల వోల్టులుగా పెరిగి ప్లగ్ కొన దగ్గర నిప్పురవ్వ అవుతుంది. చెరువు నిండటం, సమయానికి తూము ఎత్తడం వంటిదే ఈ ఏర్పాటు. దీన్ని ఆపే పద్ధతి కూడా ఆ పోలికలోనే ఇమిడి ఉంది: స్టాప్ బటన్ నొక్కితే ఛార్జ్ కాయిల్ నుంచి వచ్చేదంతా కెపాసిటర్‌లో చేరకుండా ఎర్త్‌కు (ఇంజన్ లోహపు ఒంటికి) పోతుంది, అంటే గట్టుకు గండి కొట్టినట్టే. మోటారును ఆపడం కోసం పెట్టిన ఆ గండి ఎవరూ నొక్కకుండానే తెరుచుకుని ఉండిపోతే, మిగతా భాగాలన్నీ కొత్తవాటిలా ఉన్నా ప్లగ్‌కు చుక్క కరెంటు రాదు.

అసలు కరెంటు వస్తోందా లేదా అని చూసే విధానంలోనే సగం పొరపాట్లు జరుగుతాయి. ప్లగ్ విప్పి, దాని ఒంటిని ఇంజన్ బ్లాక్‌కు ఆనించి, తాడు లాగి, నీలం మెరుపు కనిపించగానే 'కరెంటు బాగానే ఉంది' అనేయడం అలవాటు. ప్లగ్ కొనల మధ్య సందు 1 మిల్లీమీటరు లోపే ఉంటుంది. బయటి గాలిలో అంత సందును దాటడానికి బలహీనమైన కాయిల్ కూడా సరిపోతుంది. సిలిండర్ లోపల గాలి, ఇంధనం కలిసి బాగా నొక్కుకుపోయి ఉంటాయి. ఒత్తిడి పెరిగేకొద్దీ అదే సందును దాటడానికి అంతకు ఎన్నో రెట్ల వోల్టేజీ కావాలి. బయట మెరిసిన ప్లగ్ లోపల మెరవకపోవడం అందుకే. దీనికోసమే సందును సర్దుకునే స్పార్క్ టెస్టర్ ఉంది. యమహా సర్వీస్ మాన్యువళ్లు సాధారణంగా 9 మిల్లీమీటర్ల సందు పెట్టి చూడమంటాయి. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు అంగుళంలో 16 భాగాలకు 7 భాగాలు, అంటే దాదాపు 11 మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని టక్కుమనే చప్పుడుతో, ముదురు నీలంగా, ప్రతి చుట్టుకూ తప్పకుండా దాటితే ఆ కరెంటు పనికొస్తుంది. పసుపుగా, సన్నగా, చప్పుడు లేకుండా అప్పుడప్పుడు దాటేది పనికిరాదు.

ఈ పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో ఉండాలి, ఇంధనపు ట్యాంకు దూరంగా ఉండాలి, టెస్టర్ క్లిప్పు ప్లగ్ రంధ్రానికి దూరంగా బ్లాక్ మీద గట్టిగా పట్టి ఉండాలి. తెరిచిన రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంటే పక్కనే నిప్పురవ్వ ఆడించడం ప్రమాదం. అన్ని ప్లగ్‌లూ విప్పి లాగితే ఫ్లైవీల్ తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. వేగం చాలకపోతే మంచి ఛార్జ్ కాయిల్ కూడా సరిపడా వోల్టేజీ ఇవ్వదు, నెమ్మదిగా లాగిన తాడు చేసిన తప్పు కాయిల్ నెత్తిన పడుతుంది. చేత్తో వైరు పట్టుకుని షాక్ కొట్టిందా లేదా అని చూసే పాత పద్ధతి మాత్రం మానుకోవలసిందే; సీడీఐ నుంచి వచ్చే దెబ్బ సీడీఐకి ముందు కాలపు పాయింట్ల మాగ్నెటో ఇగ్నిషన్ దెబ్బకంటే పదునైనది.

రెండు సిలిండర్ల మోటార్లలో ఒక మెలిక ఉంది. కొన్నింటిలో సిలిండర్‌కు ఒక కాయిల్ చొప్పున ఉంటుంది. మరికొన్నింటిలో ఒకే కాయిల్ నుంచి రెండు ప్లగ్ వైర్లు బయలుదేరి రెండు ప్లగ్‌లకూ ఒకేసారి కరెంటు ఇస్తాయి. ఈ రెండో రకంలో కరెంటు ఒక ప్లగ్ గుండా బ్లాక్‌లోకి దిగి, రెండో ప్లగ్ గుండా తిరిగి కాయిల్‌కు చేరుతుంది. అందువల్ల ఒక వైరును గాలిలో వేలాడదీసి రెండోదాన్ని మాత్రమే పరీక్షిస్తే ఆ రెండోది కూడా బలహీనంగానో, అసలు లేనట్టుగానో కనిపిస్తుంది. రెండు ప్లగ్‌లనూ ఒకేసారి ఎర్త్ చేసి చూస్తేనే ఫలితాన్ని నమ్మవచ్చు. ఇదే మెలిక ఇంకో విషయం కూడా తేల్చిపెడుతుంది: ఒకే కాయిల్ ఉన్న మోటారులో ఒక ప్లగ్ బలంగా మెరుస్తూ రెండోది మెరవడం లేదంటే ఛార్జ్ కాయిల్, పల్సర్ కాయిల్, సీడీఐ మూడూ దాదాపు నిర్దోషులు. అక్కడ వెతకవలసింది ఆ ప్లగ్, దాని టోపీ, దాని వైరు, కాయిల్‌లో ఆ వైపు చుట్టు మాత్రమే.

కాయిల్ విడివిడిగా ఉన్న మోటారులో ఒక సిలిండర్ మాత్రమే మిస్సింగ్ కొడుతుంటే పని ఇంకా సులువు. కొత్త విడిభాగం ఏదీ కొనకుండానే ఉన్న భాగాలను అటూ ఇటూ మార్చవచ్చు. ముందు ప్లగ్‌లను ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టాలి. లోపం రెండో సిలిండర్‌కు మారితే ప్లగ్‌దే తప్పు. మారకపోతే ఒకే రకం కాయిల్‌లు అయితే వాటిని మార్చాలి. అప్పుడూ మారకుండా అదే సిలిండర్‌ను అంటిపెట్టుకుని ఉంటే, అనుమానం ఆ సిలిండర్‌కు సంకేతమిచ్చే పల్సర్ కాయిల్ మీదికో, సీడీఐలోని ఆ సిలిండర్ భాగం మీదికో మళ్లుతుంది. అయితే అంతదూరం వెళ్లకముందే ఆ సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి) కొలవడం మంచిది. పిస్టన్ రింగులు అరిగిన సిలిండర్ కూడా అచ్చం కరెంటు రానట్టే మిస్సింగ్ కొడుతుంది.

ఇంధనం కూడా ఇగ్నిషన్ వేషం వేసుకుని వస్తుంది. కిరోసిన్‌తో నడిచే మోటార్లలో ఇది మరీ ఎక్కువ. వాటిని పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. ఒడ్డుకు చేరే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి, కార్బురేటర్‌లో మిగిలిన కిరోసిన్ కాలిపోయాక ఆపాలి. అలా తిప్పకుండా ఆపేస్తే కార్బురేటర్ గిన్నె నిండా కిరోసిన్ ఉండిపోతుంది. చల్లని ఇంజన్‌లో కిరోసిన్ సరిగ్గా ఆవిరి కాదు. మర్నాడు తాడు లాగితే ప్లగ్ తడిసి బయటికి వస్తుంది, నింద ఇగ్నిషన్ మీదికి పోతుంది. గిన్నె ఖాళీ చేసి, ప్లగ్ ఆరబెట్టి, పెట్రోలు అందిస్తే తీరిపోయే విషయమిది.

ప్లగ్ రంగు చూసి రోగం చెప్పడం కొంతవరకే పనికొస్తుంది. లేత గోధుమరంగు ఉంటే దహనం సవ్యంగా ఉన్నట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంధనంలో కలిపే ఆయిల్ పాళ్లు ఎక్కువ కావడమో, కరెంటు చాలకపోవడమో, ఎక్కువసేపు తక్కువ వేగంలో వల దగ్గర నడపడమో కారణం కావచ్చు. తెల్లగా పొక్కినట్టు ఉంటే వేడి మితిమీరుతోంది. నీటి బొట్లు కనిపిస్తే సంగతి ఇగ్నిషన్ దాటి ఇంధనంలో నీటికో, గాస్కెట్‌కో వెళ్లింది. ప్లగ్ మార్చేటప్పుడు దాని నంబరు చూడాలి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో అంకె పెరిగితే ప్లగ్ చల్లనిదవుతుంది, అంటే కొన దగ్గరి వేడిని త్వరగా బయటికి పంపుతుంది. ఛాంపియన్‌లో అంకె పెరిగితే వేడిది అవుతుంది. బీ7హెచ్‌ఎస్-10 స్థానంలో అందుబాటులో ఉన్నదేదో బిగించడం, ఆ చివరి 10 అంటే 1 మిల్లీమీటరు సందు అని గమనించకపోవడం మామూలుగా జరిగే తప్పులు.

రెండు ప్లగ్‌లకూ కరెంటు లేనప్పుడు మొట్టమొదట చేయవలసిన పని స్టాప్ వైరును సీడీఐ దగ్గర విప్పేయడం. యమహా మోటార్లలో సాధారణంగా అది తెల్ల వైరు. అనేక ఇతర కంపెనీల మోటార్లలో నలుపు మీద పసుపు చార ఉన్నది. ఆ వైరు విప్పి తాడు లాగినప్పుడు కరెంటు వచ్చిందంటే సీడీఐ, కాయిల్‌లు అన్నీ బాగున్నట్టే. లోపం బటన్‌లోనో, మోటారు నడిపేవాడు చేతికి తగిలించుకునే తాడు కొక్కెం దగ్గరి స్విచ్‌లోనో, ఆ వైరు పొడవునా ఎక్కడో తొడుగు ఒరుసుకుపోయి బ్లాక్‌కు తగులుతున్న చోటనో ఉంటుంది. మోటారు పడి ఉన్న రోజుల్లో బటన్ లోపలికి చేరిన ఉప్పునీరు ఆరి, గాలిలోని తేమను పీల్చుకుని, రెండు కొనల మధ్య కరెంటుకు సన్నని దారి వేస్తుంది. బయటికి బటన్ బాగానే కనిపిస్తుంది, నొక్కితే టక్కుమంటుంది కూడా. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు, పైసా ఖర్చు లేదు. దీన్ని వదిలేసి నేరుగా సీడీఐ కొనడానికి వెళ్లడం తెలిసి చేసే నష్టం. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. స్టాప్ వైరు విప్పి ఉన్నప్పుడు మోటారు అందుకుంటే బటన్‌తో ఆగదు. చోక్ పూర్తిగా లాగో, ఇంధనపు గొట్టం తీసేసో ఆపాలి. అలా విప్పిన స్థితిలోనే సముద్రం మీదికి వెళ్లడం ఎంతమాత్రం తగదు. చేతి తాడు స్విచ్ ఉన్నదే మనిషి నీళ్లలో పడితే మోటారు ఆగడానికి.

స్టాప్ వైరు విప్పినా కరెంటు రాకపోతే తర్వాతి వంతు ఎర్త్‌ది. సీడీఐ, కాయిల్‌ల నుంచి వచ్చే నల్ల వైర్లు బోల్టు కింద బ్లాక్‌కు బిగించి ఉంటాయి. అల్యూమినియం బ్లాక్, రాగి వైరు కొన, స్టీలు బోల్టు, మధ్యలో ఉప్పు తేమ: ఈ కలయికలో బోల్టు కింద తెల్లని పొడి, వైరు కొన మీద పచ్చని చిలుము చేరడం ఖాయం. బోల్టు విప్పి, రెండు ముఖాలూ మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాలి. వైరు కొన దగ్గర తొడుగును కాస్త కోసి చూస్తే లోపలి రాగి పోగులు ఎర్రగా ఉండాలి. నల్లబడి పొడిపొడిగా రాలుతుంటే చిలుము తొడుగు లోపలికి పాకిందన్నమాట, మెరిసే రాగి కనిపించేదాకా కోసి కొత్త కొన వేయాలి. ప్లగ్ వైరు సంగతీ ఇంతే. ప్లగ్ టోపీ వైరు మీదికి స్క్రూలా తిప్పి బిగించే రకమైతే దాన్ని తిప్పి విప్పి, వైరు కొన 5 మిల్లీమీటర్ల మేర కోసేసి, తాజా రాగిలోకి దిగేలా మళ్లీ బిగిస్తే చాలాసార్లు కరెంటు తిరిగివస్తుంది. టోపీలో నిరోధకం ఉంటే మల్టీమీటరుతో కొలవవచ్చు. చాలా టోపీలకు 5 కిలో ఓముల దరిదాపుల్లో ఉంటుంది. వైరు తొడుగులో పగుళ్లను కనిపెట్టడానికి చీకటి కావాలి. మోటారును నీటి తొట్టిలో నడుపుతూ వైర్ల మీద నీళ్లు సన్నగా చిలకరిస్తే, పగులు నుంచి బ్లాక్ మీదికి నీలం గీతలు పాకడం కనిపిస్తుంది. ఎప్పుడు నడిపినా నీళ్లు లేకుండా మాత్రం నడపరాదు, నీటి పంపు రబ్బరు రెక్కలు కొద్దిసేపట్లోనే మాడిపోతాయి.

ఇక మీటరు పని. కాయిల్‌ల నిరోధాన్ని ఓముల్లో కొలిచి మాన్యువల్‌లోని అంకెలతో పోల్చడం అందరూ చేసే పనే, కానీ ఆ అంకెలను అతిగా నమ్మకూడదు. మాన్యువల్ అంకెలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరివి. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. జూన్‌లో 35 డిగ్రీల వేడిలో పాక కింద కొలిస్తే మంచి కాయిల్ కూడా దాదాపు 6 శాతం ఎక్కువ చూపుతుంది. ఎండలో కవరు కింద ఉడికిన మోటారులో ఇంకా ఎక్కువ. రెండోది, మీటరు లోపలి చిన్న బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీకి బాగానే కనిపించే చుట్టు, అసలు పనిలో వందల వోల్టులు పడగానే తొడుగు దెబ్బతిన్న చోట ఎర్త్‌కు దూకవచ్చు. ఓముల కొలత కాయిల్ తెగిపోయిందని రుజువు చేయగలదు. బాగుందని రుజువు చేయలేదు.

అసలు కొలవవలసింది తాడు లాగుతున్నప్పుడు ఛార్జ్ కాయిల్ ఇచ్చే గరిష్ఠ వోల్టేజీ. మామూలు మల్టీమీటరు ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఏసీ వోల్టులు చూపేలా పెట్టిన మీటరు ఇంటి కరెంటు లాంటి నిలకడైన తరంగానికి తగ్గట్టు తయారైనది. ఫ్లైవీల్ కింద పుట్టేవి దూరదూరంగా వచ్చే పదునైన పోట్లు. వాటి శిఖరాన్ని అది అందుకోలేక ఎంతో తక్కువ చూపుతుంది, మంచి కాయిల్ చెత్తబుట్టలోకి పోతుంది. డయోడ్, కెపాసిటర్ కలిపి ఆ శిఖరాన్ని పట్టి నిలిపే పీక్ వోల్టేజీ అడాప్టర్ తగిలించినప్పుడే అంకెకు అర్థం ఉంటుంది. ఎంత రావాలన్నది ప్రతి మోడల్‌కూ మాన్యువల్‌లో ఉంటుంది, ఒక మోడల్ అంకెను మరోదానికి వాడకూడదు. కాయిల్‌ను సీడీఐ నుంచి విప్పి ఒకసారి, తగిలించి ఒకసారి కొలవాలి. విప్పినప్పుడు బాగుండి, తగిలిస్తే అమాంతం పడిపోతే సీడీఐ లోపల షార్ట్ ఉండవచ్చు, లేదా బరువు పడగానే కూలబడే కాయిల్ కావచ్చు. పల్సర్ కాయిల్ ఇచ్చేది దీనితో పోలిస్తే చాలా చిన్న వోల్టేజీ, దానికి వేరే అంకె ఉంటుంది.

అన్నిటికంటే విసిగించేది చల్లగా ఉన్నప్పుడు చక్కగా అందుకుని, అరగంట నడిచాక సముద్రం మధ్యలో ఆగిపోయి, చల్లారాక మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే మోటారు. ఒడ్డుకు తెచ్చి చూసేసరికి కరెంటు ఉంటుంది. వేడికి వ్యాకోచించి లోపల ఎక్కడో తెగిన చుట్టు విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. అయితే ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే కథ నడుస్తుంది. ట్యాంకులో గాలి చాలక ఇంధనం రావడం ఆగిపోతుంది, కాసేపటికి గాలి లోపలికి చేరి మళ్లీ వస్తుంది. ఈ రెండింటినీ విడదీయడానికి ఆగిన తీరు కొంత ఆధారం. కరెంటు పోతే మోటారు బటన్ నొక్కినట్టు టక్కున ఆగుతుంది. ఇంధనం చాలకపోతే ముక్కుతూ మూలుగుతూ, వేగం తగ్గుతూ పెరుగుతూ ఆగుతుంది. ఆ సమయంలో గొట్టం మధ్యలోని రబ్బరు బల్బును పిసికితే ఒక్కసారి పుంజుకుంటుంది. గట్టి ఆధారం కావాలంటే ప్లగ్ వైరులో కరెంటు పారిన ప్రతిసారీ మెరిసే టైమింగ్ లైట్ ఉంది. విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకుని, లైట్ క్లిప్పును ప్లగ్ వైరుకు తగిలించి, మోటారును వేడెక్కేదాకా నడపాలి. మోటారు చచ్చే క్షణంలో ఫ్లైవీల్ ఇంకా తిరుగుతుండగానే లైటు ఆరిపోతే లోపం ఇగ్నిషన్‌దే. ఫ్లైవీల్ దాదాపు ఆగేదాకా లైటు మెరుస్తూనే ఉంటే ఇగ్నిషన్‌ను వదిలేసి ఇంధనం వైపు వెళ్లాలి. ఇలా వచ్చిపోయే లోపాల విషయంలో ఇంత సూటిగా తీర్పు చెప్పే పరీక్ష మరొకటి లేదు, అయినా మన తీరంలో దీన్ని వాడే అలవాటు తక్కువనే చెప్పాలి. ఇగ్నిషన్‌దే అని తేలాక, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో అనుమానించిన భాగాలను ఒక్కొక్కటిగా వేడిచేస్తూ చూస్తే దోషి బయటపడుతుంది.

స్టార్టయి నడుస్తూ ఒక వేగం దాటి పోని మోటారు విషయంలో తొందరపడకూడదు. అనేక యమహా మోడళ్లలో ఇంజన్ మితిమీరి వేడెక్కినప్పుడు వేగాన్ని నిమిషానికి దాదాపు 2,000 చుట్లకు తగ్గించే రక్షణ ఏర్పాటు ఉంటుంది. చల్లబరిచే నీరు సరిగ్గా చిమ్ముతోందా లేదా చూడకుండా దాన్ని ఇగ్నిషన్ లోపంగా తీసుకుంటే, మోటారును కాపాడుతున్న భాగాన్నే పీకేసినట్టవుతుంది.

కరెంటు బలంగా ఉండి కూడా మోటారు అందుకోకుండా, తాడు చేతిని వెనక్కి గుంజుతూ, కార్బురేటర్‌లోంచి టపటపలాడుతుంటే ఫ్లైవీల్ కింది కీని చూడాలి. అర్ధచంద్రాకారంలో ఉండే ఆ చిన్న లోహపు ముక్క ఫ్లైవీల్‌ను క్రాంక్ షాఫ్ట్‌తో ఒకే స్థానంలో నిలుపుతుంది. నట్టు వదులైతే కీ కొంచెం కొంచెంగా తెగి ఫ్లైవీల్ పక్కకు జరుగుతుంది. అప్పుడు ప్లగ్ మెరుస్తుంది కానీ మెరవవలసిన క్షణంలో కాదు. ఫ్లైవీల్ తీయడానికి మధ్యలోని రంధ్రాలకు బోల్టులతో బిగించే పుల్లరే వాడాలి. అంచు పట్టి లాగినా, సుత్తితో కొట్టినా లోపలి అయస్కాంతాలు ఊడతాయి, లేనిపోని కొత్త జబ్బు మొదలవుతుంది.

స్టాప్ వైరు విప్పి ఉండి, ఎర్త్ శుభ్రంగా ఉండి, ఛార్జ్ కాయిల్, పల్సర్ కాయిల్ రెండూ సరైన వోల్టేజీ ఇస్తూ, ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే వైరులో మాత్రం ఏమీ రాకపోతే అప్పుడు సీడీఐ పాడయినట్టే. కొనేటప్పుడు డబ్బా ఆకారం, వైర్ల కనెక్టర్ల సంఖ్య చూసి సరిపెట్టుకోవడం చెల్లదు. బయటికి ఒకేలా ఉండే రెండు సీడీఐలు వేగం పెరిగేకొద్దీ కరెంటును ఎంత ముందుగా వదలాలన్న లెక్కలో తేడాగా ఉండవచ్చు. అలాంటిది బిగిస్తే మోటారు స్టార్టవుతుంది, తక్కువ వేగంలో చక్కగానే నడుస్తుంది, నిండు బరువుతో పూర్తి వేగం తీసినప్పుడు పిస్టన్‌ను మాడుస్తుంది. పాత డబ్బా మీద చెక్కిన పార్ట్ నంబరును గీకి చదివి, అదే నంబరున్న డబ్బాను తేవాలి. బిగించాక స్టాప్ వైరును తిరిగి తగిలించి, చేతి తాడు కొక్కెం లాగితే మోటారు ఆగుతోందో లేదో తొట్టిలోనే చూసుకోవాలి.